గ్లెనిస్ లాంటివారి అనుమతులు

మనిషి నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, ఆ రెంటినీ ఎవరూ ముట్టుకోకుండా చివరికి అనుమతుల వ్యవస్థను కనిపెట్టాడు.

టామ్‌వర్త్ ఊళ్ళోని మా కోడిపిల్లల కంపెనీకి ఈ నాగరికత ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు కొత్తవాళ్ళ కంప్యూటర్ ఫారంలో "ఎవరిలాగా అనుమతులివ్వాలి?" అని ఒక గడి ఉండేది. అందరం "గ్లెనిస్ లాగా" అని రాసేవాళ్ళం. పంతొమ్మిదేళ్ళు డిస్పాచ్, అంటే పిల్లల్ని వ్యాన్లలో పంపే విభాగం, నడిపిన గ్లెనిస్‌కు అన్ని అనుమతులూ ఉండేవి (అందులో సగం ఆవిడకే తెలియవు). ఆవిడ రిటైరై మూడేళ్ళయింది, ఖాతా మాత్రం ఎవరూ మూయలేదు.

జనవరిలో, అంటే మా దగ్గర నడివేసవిలో, హాడ్లీ కంప్యూటర్ భద్రతాధికారిగా వచ్చాడు. కంపెనీలో నలభై ఒక్కమంది గ్లెనిస్‌లు ఉన్నారని కనిపెట్టి గుండె బాదుకున్నాడు. సోమవారం పొద్దున ఆవిడ ఖాతా మూసేశాడు. నిబంధన ప్రకారం, ఆవిడలాంటి వాళ్ళందరి అనుమతులూ ఆవిడతోపాటే రిటైరయ్యాయి.

అప్పటికే ఆరువేల కోడిపిల్లలు వ్యానెక్కి ఉన్నాయి. ఎండ నలభై ఒక్క డిగ్రీలు. వ్యాను కదిలితేనే లోపల గాలి ఆడుతుంది, డిస్పాచ్‌లో నొరీన్ "పంపు" బటన్ నొక్కితేనే గేటు లేస్తుంది. (షెడ్డులోంచి బయటికొచ్చిన కోడిపిల్ల తిరిగి లోపలికి పోకూడదు, అది జబ్బుల నిబంధన.)

"నొరీన్ తల్లీ, పిల్లలు నోళ్ళు తెరుస్తున్నాయి! నొక్కవే!" డ్రైవర్ డెస్ కిటికీలోంచి అరిచాడు.

"నొక్కుతూనే ఉన్నానయ్యా, పలకట్లేదు! హాడ్లీ, నీకు పుణ్యముంటుంది, ఈ ఒక్క అనుమతీ ఇచ్చెయ్."

"ఇస్తాను, నాదేం పోయింది? ముందు నీ పైఅధికారి ఒప్పుకోవాలి."

"ఎవరు నా పైఅధికారి?"

హాడ్లీ తెరకేసి చూశాడు. "గ్లెనిస్."

"గేటు చేత్తో ఎత్తండ్రా!" అన్నాడు డెస్.

"అది అనధికార ప్రవేశం."

"ప్రవేశం ఏంట్రా నాయనా, నేను బయటికి పోతానంటుంటే!"

నేను గ్లెనిస్‌కు ఫోన్ చేశాను. "ఒప్పుకుంటున్నా, వందసార్లు ఒప్పుకుంటున్నా! పంపండ్రా దద్దమ్మల్లారా!" అని ఆవిడ కేకలేసింది. ఖాతా లేని మనిషి ఒప్పుకోలు చెల్లదన్నాడు హాడ్లీ. ఆ శాంతం తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మూడింటికి వ్యానులో కీచుకీచులు ఆగిపోయాయి. నొరీన్ ఆఫీసు వెనక మెట్టు మీద కూలబడి ఏడ్చింది. హాడ్లీ ఆ రోజు నివేదికలో "భద్రతా ఉల్లంఘనలు: సున్నా" అని రాసుకున్నాడు.

సాయంత్రం నొరీన్ మళ్ళీ తెర ముందు కూర్చుంటే ఒక్క బటన్ మాత్రం పనిచేస్తోంది: "చనిపోయినవి నమోదు చేయండి". దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.