పియానోలో ఎలుక

పదకొండింటికి బడిలో పిల్లల పాటల కార్యక్రమం. తొమ్మిదింటికల్లా వెళ్ళి, పియానోలో వేలితో నొక్కే మెట్టు మీద ఊడిపోయిన తెల్ల పలకను అంటించి, పదింటికి ఇంట్లో తీరిగ్గా కాఫీ తాగాలని పియానో మేస్త్రీ అనుకున్నాడు.

“ఈ ట్యూబు తీసుకెళ్ళండి. నిమిషంలో పట్టేస్తుంది,” అంది భార్య. దుకాణం ఇద్దరిదీ. జిగురు దగ్గరే ఇద్దరికీ పడదు.

“నీ ట్యూబు చెప్పులు తెగితే పనికొస్తుందే. పియానోకి తోలు జిగురే,” అని ఆయన పశువుల తోలుతో చేసిన జిగురు పలుకులు గిన్నెలో నానేసి పట్టుకెళ్ళాడు.

హాలు పక్క గదిలో స్టవ్వు మీద జిగురు కరుగుతోంది. కాసేపటికి అటెండరు ముక్కు మూసుకున్నాడు.

“మేడం, ఎక్కడో ఎలుక చచ్చింది.”

“మేస్త్రీ గారూ, మీకూ వాసనొస్తోందా?” అన్నారు ప్రధానోపాధ్యాయురాలు.

ఇరవై ఏళ్ళుగా ఆ జిగురు మధ్యే బతుకుతున్న ముక్కు. గట్టిగా పీల్చినా ఏమీ తెలియలేదు. “లేదండీ. కానీ ఎలుకంటే కొంప మునిగినట్టే! లోపలి మెత్తటి ఉన్ని ఫెల్టంతా కొరికేస్తుంది,” అంటూ తనే టార్చి తీసుకుని పియానో వెనక దూరాడు.

ఈలోగా అటెండరు, వాసన పోవాలని, పొగలు కక్కే ఫినాయిలు నీళ్ళలో గుడ్డ ముంచి పియానో మెట్ల నిండా పరిచాడు. తీసేసరికి గుడ్డతోపాటు తొమ్మిది పలకలు లేచి వచ్చాయి.

ప్రధానోపాధ్యాయురాలు కుర్చీలో కూలబడ్డారు. బయట నలభై మంది పిల్లలు వరుస కట్టి ఉన్నారు. మేస్త్రీ భార్యకు ఫోన్ చేశాడు. “ఏమీ అడక్కుండా రా.”

ఆమె వచ్చింది. దెప్పుతుందని ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె పలకలు తిరగేసి, కింది చెక్కను వేలితో తడిమింది.

“పాత తోలు జిగురు కాబట్టి వేడికి మెత్తబడి వదిలేసింది. ఒక్క పెచ్చు లేవలేదు. నా ట్యూబుతో అంటించుంటే చెక్కా చీలి వచ్చేదండీ. మీ గిన్నె ఎక్కడ?”

పక్క గది గుమ్మంలోనే ఆమె ముక్కు మూసుకుంది. ఆయన ఆమె వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు. ముఖం పాలిపోయింది.

“ఎవరికీ చెప్పకు,” అన్నాడు మెల్లగా.

ఆమె చెక్కలు తుడిచి ఆరబెట్టింది, ఆయన వేడి జిగురు రాసి పలకలు అదిమాడు. చల్లారేకొద్దీ ఒక్కొక్కటే బిగిసింది. పదకొండున్నరకి పిల్లలు గొంతెత్తి పాడారు. ప్రధానోపాధ్యాయురాలు కళ్ళు తుడుచుకుని ఇద్దరి చేతులూ పట్టుకున్నారు.

ఎలుక కోసం బడిలో ఇంకో రెండు రోజులు వెతికారు.