మాస్టారి కోసం ఒక నిమిషం

రిటైరైన డ్రిల్లు మాస్టారు ఆ ఉదయం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొడుకు తీసిన సినిమాకు బయల్దేరాడు. కొడుకు పిలవలేదు. పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. తన చిన్నతనం గురించీ, సినిమా పిచ్చి గురించీ తీశాడని మాత్రం ఎవరో చెప్పారు.

మెట్ల దగ్గర పైవాటా ఆవిడ ఆయన్ని చూసి గోడకు అతుక్కుపోయింది. కాసేపటికి తేరుకుని చేతిలో పేపరు పెట్టింది. తండ్రి సంగతి అడిగిన విలేకరితో కొడుకు "నాకు నాన్న లేనట్టే" అన్నాడు. అచ్చులో అది "నాన్న లేరు" అయింది.

ఆ వార్తకు హాలు మేనేజరు కరిగిపోయాడు. పాత స్కూలు ఫోటోలోంచి మాస్టారి తల కత్తిరించి, పెద్దది చేయించి, పూల మధ్య నిలబెట్టాడు. ముఖం అలుక్కుపోయి ఎవరి నాన్నలాగైనా ఉంది. మాస్టారు అతన్ని పక్కకు పిలిచి, పోయింది తనేననీ, పోలేదనీ నచ్చజెప్పబోయాడు. పాపం, దుఃఖంతో మతి చలించిన బంధువనుకుని మేనేజరు ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టాడు.

పాత శిష్యుడొకడు మైకు పుచ్చుకుని, ఫోటో వైపు తిరిగి, మాస్టారు ఏనాడూ ఎవరి మీదా చెయ్యెత్తలేదన్నాడు. బెత్తం రుచి ఎరిగినవాళ్లు కూడా తలలూపారు. చచ్చినవాడి కళ్లు చారెడు. మౌనం పాటించమనగానే మాస్టారు, అలవాటు కొద్దీ, అందరికన్నా నిటారుగా నిలబడ్డాడు.

ఆట మొదలైంది. తెరమీద నాన్న కొడుకును భుజాల మీద ఎక్కించుకుని సినిమాలకు తిప్పాడు. వాడు ఏరుకొచ్చిన ఫిల్ము ముక్కల్ని అట్టపెట్టెలో భద్రంగా దాచాడు. విశ్రాంతికి ముందే చచ్చిపోయాడు. హాలంతా ముక్కులు చీదుకుంది.

మాస్టారు కదల్లేదు. నిజానికి ఆ ఫిల్ము ముక్కల్ని ఆయన పెరట్లో తగలబెట్టాడు. తొమ్మిదేళ్ల కొడుకును పక్కన నిలబెట్టి, బూడిదయ్యేదాకా కళ్లు తిప్పొద్దన్నాడు. వాడు తిప్పలేదు.

ఆట వదిలే వేళకు కొడుకు మరో హాలు నుంచి వచ్చి గుమ్మంలో పరామర్శలు అందుకుంటున్నాడు. తండ్రి ఎదురుపడేసరికి చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

"పేపర్లో తప్పు పడింది. సరిచేయిస్తాను," అన్నాడు చివరికి.

"పడనీలే," అన్నాడు మాస్టారు. "తెరమీదాయన మంచివాడురా. ఉండుంటే బాగుండేది."

వెనక జనం తోసుకుంటున్నారు. మేనేజరు గబగబా వచ్చి, ఈ పెద్దాయన మీకేమవుతారని గుసగుసగా అడిగాడు.

"మా నాన్న," అన్నాడు కొడుకు.

బాధ ఇతనికీ తలకెక్కిందనుకుని, మేనేజరు ఇద్దరికీ మంచినీళ్లు తెప్పించాడు.