దగ్గాకు లెక్క తేలింది

"దగ్గాకు అంతరించిపోతోందో లేదో పదిహేను రోజుల్లో తేల్చి పారేస్తాం!" అని మంత్రిగారు వేదిక మీద బల్ల గుద్ది ప్రకటించారు. లోకంలో మరెక్కడా లేని ఆ మందుమొక్క మా కొండ మీద మాత్రమే పెరుగుతుందన్న సంగతి ఆయనకు ఆ ఉదయమే తెలిసింది. తెలిసిన పూటే దానికోసం అంతలా గొంతు చించుకున్న నాయకుణ్ణి నేను మరొకరిని చూడలేదు. ఆయన శాఖలో టైపిస్టుని కాబట్టి, తర్వాతి వైభవమంతా దగ్గరుండి చూసే భాగ్యం నాకు దక్కింది.

మర్నాడే డైరెక్టరుగారు కొండ వాచర్‌ని పిలిపించారు.

"ఎన్ని మొక్కలున్నాయి?"

"నలభై నాలుగండి. ఇరవై ఏళ్లుగా వారం వారం లెక్కపెడుతున్నా. పోయినేడు డెబ్భై ఉండేవి, మేకలు మేసేశాయండి. అంతరించిపోతోందని మీరొక్క ముక్క రాస్తే కంచె వేస్తారటగా?"

"నువ్వు చెబితే సరా? ఆధారమేది?"

"కొండెక్కితే కనబడతాయండి."

"ఫైలు కొండెక్కదయ్యా."

మా శాఖలో జతపరచని ఆధారం ఆధారమే కాదు. కుర్చీ విరిగిందని రాస్తే విరిగిన కాలు జతపరచాలి. ఎలకలున్నాయంటే ఒక ఎలకని జతపరచాలి. అంచేత లెక్కలోకొచ్చే ప్రతి మొక్కనూ వేళ్లతో సహా పీకి, అట్టకి అంటించి, నంబరు వేసి ఫైల్లో పెట్టమని డైరెక్టరుగారు ఆర్డరు వేశారు.

"పీకితే చచ్చిపోతాయండీ!" అన్నాడు వాచర్.

"లెక్కకి రాని మొక్క బతికుండి ఏం లాభం?"

ఆరుగురు నిపుణులు కొండని జల్లెడ పట్టారు. వాళ్ల శ్రద్ధకి నా కళ్లు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, అట్టలకి అంటించింది నేనే మరి. మొత్తం నలభై మూడు అట్టలు.

పదిహేనో రోజు మంత్రిగారు ఆ ఫైలుని ఆప్యాయంగా నిమిరారు.

"ఇవెక్కడుంటాయి?"

"ఇనప బీరువాలో సార్. తాళం నా దగ్గరే," అన్నారు డైరెక్టరుగారు.

"మేకలో?"

"రాలేవు సార్."

"మరి అంతరించేదెక్కడయ్యా?"

'సంపూర్ణ సురక్షితం' అని రాసి సంతకం చేశారు. కంచె అనవసరమని కొట్టేశారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, సిగ్గు లేకుండా.

ఒక్కటే చిక్కొచ్చింది. వాచర్ రిపోర్టులో నలభై నాలుగు, ఫైల్లో నలభై మూడు. తగ్గిన మొక్కని మూడు రోజుల్లో హాజరుపరచాలి, లేదా లేని మొక్కని ఉన్నట్టు రాశానని ఒప్పుకోవాలి అంటూ అతనికి మెమో వెళ్లింది. ఒప్పుకుంటే ఉద్యోగం ఊడుతుందని కూడా అందులోనే ఉంది. టైపు చేసింది నేనే.

మూడో రోజు వాచర్ వచ్చాడు. వాన చుక్క పడి రెండు నెలలైంది, అతని గోళ్లలో మాత్రం తడిమట్టి ఉంది.

"తప్పు లెక్క రాశానమ్మా," అని ఒప్పుకోలు కాగితం నా బల్ల మీద పెట్టాడు.

సాయంత్రానికల్లా డిస్మిస్ ఆర్డరు తయారైంది. అతను దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"అయితే అమ్మా, కొండమీద ఇంక ఒక్కటీ లేదనే కదా రికార్డు?"

"ఒక్కటీ లేదు."

"హమ్మయ్య! ఇంకెవరూ రారు," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.