ఐదో రోజున పడే కొమ్మ

"ఇక మీదట ఈ ఊళ్ళో ఒక్క కొమ్మ కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా విరగదు!"

మంత్రిగారు ఈ మాట ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. గట్టిగానే కొట్టాను. అందరికంటే నాకే అవసరం ఎక్కువ.

మా ఇల్లు ఒకటే గది, పైన రేకులు. ఆ రేకుల మీదుగా వీధి చెట్టు కొమ్మ ఒకటి పోతుంది, మనిషి నడుమంత లావు. కిందటి గాలివానకు అది మొదలు దగ్గర చీలింది. సరిగ్గా దాని కింద, గదిలో మంచం మీద మా కోడలు, పచ్చి బాలింత. పక్కన పదకొండు రోజుల పిల్ల. మా అబ్బాయి లారీ తోలుతూ నెలకో పూట కనిపిస్తాడు.

ముందు ఉడత మేస్త్రిని పిలిచాను. చెట్లెక్కి కొమ్మలు కొయ్యడం అతని పని, ఆ పేరు కూడా అందుకే వచ్చింది. ఎక్కి, చీలికలో చెయ్యి పెట్టి చూసి దిగాడు.

"చెయ్యి మణికట్టు దాకా పోయింది పిన్నీ. ఇంకో గాలి వచ్చేదాకానే దీని ఆయుష్షు."

"మరి కోసెయ్ నాయనా."

"నాకెంత సేపు? రెండు తాళ్ళు, ఒక రంపం, ఒక పూట. కానీ కోస్తే నన్ను లోపలేస్తారు. కొత్త కోత మిషన్ వచ్చి, మంత్రిగారు ప్రారంభించేదాకా ఎవడూ చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదట."

అర్జీ పట్టుకుని వృక్ష భద్రత ఆఫీసుకి వెళ్ళాను. భద్రతాధికారి అది చదివి కుర్చీలోంచి లేచాడు. నన్ను చూసి ఒక అధికారి లేవడం నా జీవితంలో అదే మొదలు.

"అభినందనలమ్మా! మీ కొమ్మ సెలెక్టయింది."

"అంటే కోసేస్తారాండీ?"

"మూడొందల పన్నెండు అర్జీల్లో మీది ఒక్కటే. నిజానికి మీకంటే ప్రమాదమైనవి బోలెడున్నాయి. కానీ అక్కడ స్టేజీ పట్టదు, వెలుతురూ చాలదు. మీ వీధి బ్రహ్మాండంగా ఉంది."

"ఎప్పుడండీ?"

"మంత్రిగారి డేటు దొరకాలి. ఈలోగా కొమ్మకేం కాకుండా చూసుకోండి. ఆ బాధ్యత లబ్ధిదారుదే."

డేటు తొమ్మిది రోజులకు దొరికింది. ఆ తొమ్మిది రోజులూ బాధ్యతగానే ఉన్నాం. గాలి వీచినప్పుడల్లా కోడలు పిల్ల మీదికి వంగి వీపు అడ్డం పెట్టేది. పగలు అరుగు మీద కూర్చుందామంటే అరుగు మీదా ఆ కొమ్మే.

ప్రారంభోత్సవం నాడు మిషన్ నల్లటి పెట్టెలో, మఖమలు గుడ్డ మీద పడుకుని వచ్చింది. పొడవాటి ఇనప బద్ద, దాని చుట్టూ పళ్ళున్న గొలుసు. ఇంజను తిప్పితే గొలుసు తిరుగుతుంది, పళ్ళు కట్టెను కొరుకుతాయి. ఉడత మేస్త్రిని సాయానికి రమ్మన్నారు. భద్రతాధికారి మిషన్ చుట్టూ రెండు సార్లు తిరిగి ఆగిపోయాడు.

"ఏమయ్యా, పైనున్న పళ్ళన్నీ జనం వైపు చూస్తున్నాయేంటి?"

"కోత అటేనండి. వాటి తీరే అంత."

"ఫొటోలో ఎలా ఉంటుందది? మనది ప్రజలకు పళ్ళు చూపించే ప్రభుత్వమా? గొలుసు విప్పి వెనక్కి తిప్పు."

"తిరగేసి బిగిస్తే తెగదండి. ఉత్తినే రుద్దుతుంది."

"తెగడం తర్వాత. ముందు భద్రత. నువ్వు చెట్లెక్కేవాడివా, పాలసీ చేసేవాడివా?"

చెట్లెక్కేవాడు గొలుసు విప్పి తిరగేసి బిగించాడు.

వీధి దీపాలు బాగుచేసే లిఫ్టు బండిలో మంత్రిగారు పైకి లేచారు. హెల్మెట్ పెట్టుకుంటే ముఖం కనబడదని దాన్ని చంకలో పెట్టుకున్నారు. మిషన్ ఒక్కసారిగా గర్జించింది. గదిలో పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మంత్రిగారు గొలుసును కొమ్మకు ఆనించారు. పొగ వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంకా ఆనించారు, ఇంకా పొగ వచ్చింది, ఇంకా కొట్టారు. ఇరవై నిమిషాల పాటు ఆయన ప్రజల కోసం అలా శ్రమించారు. కొమ్మ మీద అరచేతి వెడల్పున నల్లటి మచ్చ పడింది. కిందికి దిగినప్పుడు మంత్రిగారి ముఖం కూడా అదే రంగులో ఉంది.

"తెగదేంటయ్యా?" అన్నారు మెల్లగా.

భద్రతాధికారి గుటక మింగాడు. గొప్పవాళ్ళకు గుటకలోనే ఆలోచన తడుతుంది కాబోలు.

"సార్, అదే కదా సార్ రిజల్టు! ఇంత పెద్ద మిషన్‌కే తెగలేదంటే ఇంక గాలికేం తెగుతుంది?"

మంత్రిగారు మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా, ఈ కొమ్మ సంపూర్ణ ఆరోగ్యంతో ఉంది!"

అప్పటికప్పుడు చెట్టుకు రేకు బిళ్ళ కొట్టారు. 'పరీక్షింపబడినది. క్షేమం.' ఆ మేకు దెబ్బలకు చీలికలోంచి ఇంత పొట్టు రాలి మా రేకుల మీద పడింది.

తర్వాతి నాలుగు రోజుల్లో మిగతా మూడొందల పదకొండు చెట్లనూ అదే మిషన్‌తో పరీక్షించారు. ఒక్కటీ తెగలేదు. ఊరు వంద శాతం క్షేమమని నాలుగో రోజున మైకులో చాటారు. ఆ సాయంత్రమే గాలి లేచింది. కొమ్మ కిర్రుమంది. కోడలు నా వైపు చూసింది, నేను ఉడత మేస్త్రి ఇంటికి పరిగెత్తాను.

ఐదో రోజు తెల్లవారుతూనే అతను తాళ్ళు భుజాన వేసుకుని వచ్చాడు.

"బిళ్ళ కొట్టాక కోస్తే ఆర్నెల్లు జైలట కదా, నాయనా?"

"తెలుసు పిన్నీ. నాకూ పిల్లలున్నారు. పాపని ఇవతలికి తీసుకురా."

కొమ్మకు తాడు కట్టి, దాన్ని పైనున్న గట్టి కొమ్మ మీదుగా వేసి, చెట్టు మాను చుట్టూ తిప్పాడు. ముందు అడుగు నుంచి కొంత కోసి, తర్వాత పైనుంచి అందుకున్నాడు. అడుగు కోయకపోతే సగం తెగేసరికి బెరడు చీరుకుంటూ కొమ్మంతా ఊడి పడుతుందట. ముక్క తర్వాత ముక్క తాడు మీద దిగివచ్చి, అరుగు పక్కన చప్పుడు లేకుండా పడుకుంది. ఎనిమిదికల్లా అయిపోయింది.

పదింటికి రెండు జీపులు వచ్చాయి. భద్రతాధికారి ముక్కలను చూశాడు, జుట్టంతా రంపపు పొట్టుతో నిలబడ్డ మేస్త్రిని చూశాడు. "క్షేమమైన కొమ్మని నరికావా?" అని కేక వేసి, ఫోను పట్టుకుని పక్కకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి గొంతు తేనెలా ఉంది.

"అమ్మా, బాగా గుర్తు తెచ్చుకోండి. కొమ్మ ఎలా పడింది? మంత్రిగారు కోసి ఐదు రోజులేగా అయింది? ఆ ప్రభావంతో దానంతటదే పడి ఉంటే, కోసినవాడంటూ లేడు. కోసినవాడు లేకపోతే కేసూ లేదు."

మేస్త్రి జుట్టులోని పొట్టు దులుపుకుంటున్నాడు.

"నా కళ్ళారా చూశానండీ, దానంతటదే పడింది" అన్నాను.

"ఎలా? దభీమనా?"

"లేదండీ. తాడు కట్టి దించినట్టు దిగింది."

"ముక్కలుగానా?"

"సమానమైన ముక్కలుగా."

అతను తృప్తిగా రాసుకున్నాడు. తెగిన చోటుకీ నల్లమచ్చకీ మధ్య దూరం కొలిపించి, 'మిషన్ ప్రభావ పరిధి: ఒక జానెడు' అని చేర్చాడు. కింద నా చేత సంతకం పెట్టించాడు.

మర్నాడు పేపర్లో మంత్రిగారి బొమ్మా, పక్కన చిన్నగా నా బొమ్మా. పైన 'ఐదో రోజు టెక్నాలజీ' అని పెద్ద అక్షరాలు. క్షేమమని చెప్పిన కొమ్మ ఎలా పడిందని ఒక విలేఖరి అడిగితే, "క్షేమం మొదటి దశ, పడటం రెండో దశ" అని మంత్రిగారు విడమర్చి చెప్పారు. ఉడత మేస్త్రికి మిషన్ ఆపరేటరుగా ఉద్యోగం ఇచ్చి, అతని రంపాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇక చేతి రంపం ముట్టనని రాసిచ్చాడు. "గొలుసు సరిగా బిగిస్తానన్నాను పిన్నీ. టెక్నాలజీ మార్చే అధికారం నాకు లేదన్నారు" అని యూనిఫాం గుండీలు సర్దుకుంటూ వెళ్ళాడు.

నిన్న మధ్యాహ్నం రెండు వీధుల అవతలి నుంచి ఒకావిడ వచ్చింది. పనులకు పోయే తల్లుల పిల్లల్ని పగలంతా తన ఇంట్లో చూసుకుంటుంది. చేతిలో ఆ పేపరుంది.

"అక్కా, ఈ బొమ్మలో ఉన్నది నువ్వేగా?"

"నేనే."

"మీది ఐదో రోజున దానంతటదే పడిందటగా?"

"పేపర్లో వేశారుగా."

"మాదీ మంత్రిగారి మిషన్ పెట్టిందేనక్కా. ఇవాళ తొమ్మిదో రోజు. పొద్దుట్నుంచీ కిర్రుకిర్రుమంటోంది. ఆఫీసుకి పోతే, ఒక్కో కొమ్మది ఒక్కో స్వభావం, ఓపిక పట్టమన్నారు. ఎనిమిది మంది పసివాళ్ళు దాని కిందే నిద్రపోతారు. కళ్ళారా చూసినదానివి నువ్వొక్కదానివే. ఇంకెన్నాళ్ళు చూడమంటావు?"

మా కోడలు పిల్లను ఒళ్ళో వేసుకుని నా ముఖంలోకి చూస్తోంది.

ప్రభుత్వం మీద నమ్మకం ఉంచమని ఆవిడతో చెప్పాను. పిల్లల్ని మాత్రం ఇప్పుడే తీసుకొచ్చి మా గదిలో పడుకోబెట్టమన్నాను.