పోయిన తెలుపు

ఆ ఉదయం ఏర్పాటు చిన్నదే. పరిశోధకురాలు ముందుగా వెళ్ళి ప్రదర్శన గది సర్దుకుంటుంది. ప్రయోగశాలలో ఫ్రిజ్ చెడిపోవడంతో ఇంటి ఫ్రిజ్‌లో ఉంచిన చిన్న సీసాను ఆమె భర్త తెచ్చిస్తాడు. ఏళ్ళ తరబడి పడ్డ శ్రమ అందులో ఉంది. పరీక్షకుడు మెచ్చితే పట్టా, లేకపోతే మరో ఏడాది.

ఆ పని గురించి ఆమె భోజనాల దగ్గర ఎన్నోసార్లు చెప్పింది. అవి కంటికి కనిపించనంత చిన్న మెత్తని ఉండలు. పొడవాటి అణువుల దారాలకు ముడులు వేసి కట్టినవి. వెచ్చబడితే ముడుచుకుని నీటిని పాలలా తెల్లబరుస్తాయి. చల్లబడితే నీరు పీల్చి ఉబ్బి, కంటికి ఆనవు. ముడులు గట్టిగా పడకపోతే దారాలు విడిపోయి నీళ్ళలో కలిసిపోతాయి. చెబుతున్నంతసేపూ ఆమె ముఖంలో వెలుగు చూస్తూ అతను ఊఁ కొట్టేవాడు. వెలుగు గుర్తుంది, మిగతాది లేదు.

నిన్న సాయంత్రం వేడిగా ఇల్లు చేరినప్పుడు సీసా తెల్లగా ఉంది. ఇప్పుడు ఫ్రిజ్ తెరిస్తే అందులో నీళ్ళే కనిపించాయి.

"అమ్మా, ఈ సీసా ముట్టుకున్నావా?"

"మూత తీసి వాసన చూశాను."

"మరి తెలుపేదీ?"

"నేనేమైనా నాకేశానా? అడుగున పేరుకుందేమో, వేణ్ణీళ్ళలో పెట్టు."

పెట్టాడు. తెలుపు వచ్చింది. తల్లికి దండం పెట్టి బయల్దేరాడు.

ఏసీ బస్సులో కూర్చున్నాక చూస్తే తెలుపు మళ్ళీ పోయింది. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. వేణ్ణీళ్ళు లేవు కనుక సీసాను చంకలో పెట్టుకున్నాడు. కాసేపటికి వచ్చింది. నిశ్చింతగా చేతిలోకి తీసుకుంటే, చల్లగాలికి మళ్ళీ పోయింది. దారంతా అదే పని.

"జ్వరమా బాబూ? ఇందాకటి నుంచి తీసి తీసి చూసుకుంటున్నారు," అన్నాడు పక్క సీటాయన.

"నాది కాదండీ, మా ఆవిడది."

"ఆవిడకి జ్వరమా?"

"చదువు."

అతను గది గుమ్మం చేరేసరికి లోపల పరీక్షకుడు అడుగుతున్నాడు. "ముడులు బాగానే వేశారమ్మా. పదే పదే వేడెక్కి చల్లబడితే నిలుస్తాయా?"

"రెండుసార్లే చూశానండీ."

"అది చాలదు."

ఆమె ముఖం పాలిపోయింది. భర్త తల వంచుకుని లోపలికి వచ్చాడు.

"తప్పంతా నాదేనండీ. తెలుపు పోయినప్పుడల్లా వెచ్చబెట్టి పాడుచేశాను."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదండీ. స్టాపు స్టాపుకీ."

ఆమె కళ్ళు మూసుకుంది. పరీక్షకుడు మాత్రం సీసా అందుకుని ఉండల సైజు కొలిచే యంత్రం దగ్గరికి నడిచాడు. చల్లార్చి కొలిచారు, వెచ్చబెట్టి కొలిచారు. రెండూ నిన్న ఆమె కొలిచి రాసుకున్న అంకెలే. ముడులు వదల్లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, అంకెలు మరోసారి చూశాడు.

"ఇంత ఓపికగా కట్టిన పని చూసి చాలా కాలమైందమ్మా. పట్టా మీదే. ఈ పరీక్ష కూడా మీ సిద్ధాంత గ్రంథంలో చేర్చండి."

"అయితే నేను పాడుచేయలేదా?" అన్నాడు భర్త.

"మీ వల్ల కాలేదు," అంది ఆమె.

గ్రంథంలో 'వాడిన పరికరం' అన్నచోట ఆమె 'ఎడమ చంక' అని రాసింది.