లాగుపిడి సంగ్రామము

శ్రీమదఖండ శీతపవన సంచాలిత పీతపర్ణ పరంపరా పరివృతమై, పండిన మొక్కజొన్నచేల పరిమళముతో పందులదొడ్ల పరిమళము పోటీపడుచుండు అయోవా రాష్ట్రమున, పందొమ్మిదవ శతాబ్దము ముసలిదై మూలుగుచున్న ఒకానొక శరత్కాలమున, మేపుల్ ఫోర్క్ కళాశాలకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండెను. పేరుకది పాదముల ఆట. చేసెడి పని మాత్రము బంతిని చంకనిడుకొని పరుగిడుట, పరుగిడువానిని పట్టి నేలకు కొట్టుట. శిరస్త్రాణము లింకను పుట్టని యుగమగుటచే మన వీరులు వేసవి మొదలుకొని జుట్టు పెంచి, ఆ జటాభారమునే నెత్తికి దిండుగా చేసికొనిరి. ఊరి మంగలి వారిని చూచినపుడెల్ల మొగము తిప్పుకొనుచుండెను, పాపము!

ఆ సేనకు నాయకుడు మేఘగంభీరకంఠుడు, కపాటవక్షుడు, లెక్కలలో రెండుమార్లు తప్పినవాడు, థాడియస్ గ్రోవర్. కళాశాలలో వానికదే ఆఖరి యేడు. వాని ఏలుబడిలో జట్టు ఒక్క పాయింటైనను సంపాదించి యెరుగదు. చూచి చూచి విసిగిన కళాశాలాధ్యక్షుడు రెవరెండ్ హోసియా పెట్టింగిల్ వానిని పిలిపించెను.

"చూడు నాయనా, వంటశాలకి బంగాళదుంపలు చాలట్లేదు. మీ మైదానమేమో ఊరికే పడుంది."

"ఊరికే ఎక్కడండీ, రోజూ మేం దానిమీద పడుతూనే ఉన్నాం కదా!"

"అదే చెప్తున్నా. ఈ సీజన్లో ఒక్కటంటే ఒక్కసారి బంతిని అవతలివాళ్ళ గీత దాటించి పాయింట్లు తెండి. లేదా నాగలి దింపేస్తాను."

హతవిధీ! వీరులు నెత్తురోడ్చిన భూమిలో బంగాళదుంపలా! థాడియస్ ఆ రాత్రి గంజి కూడ ముట్టలేదు. తెల్లవారగనే గుర్రపుజీనులు కుట్టువానికడకు పోయి, జట్టులోకెల్ల పొట్టివాడును వాయువేగుడును అగు పెర్లీ స్టబ్స్ లాగు వెనుక దిట్టమైన తోలుపిడి యొకటి కుట్టించెను. దారి మూసుకొన్నచో పిడి పట్టి, వానిని బంతితోసహా శత్రువుల నెత్తిమీదుగా విసరవచ్చును గదా అని నాయకుని వ్యూహము.

కాని ఆ యుగధర్మము వేరు. పట్టుబడినవాడు "డౌన్" అని అరచువరకు ఆట ఆగదు. అంతదాక వానిని మనవారు ముందుకు, పరులు వెనుకకు ఎంతయైన ఈడ్వవచ్చును. తొలి సమరమున పెర్లీ, శత్రువు పదిబారల దూరమున నుండగనే కెవ్వున ఆ మాట అరచెను.

"నిన్నెవడు ముట్టుకున్నాడ్రా? గాలా?" అని థాడియస్ అందరిలో పరువు తీసెను.

పెర్లీ ముక్కుపుటము లదిరినవి. "ఇంకోసారి ఆ మాట నా నోటెంట వస్తే నాకు గుండు గీయించండి!" అని భీషణముగా ప్రతిన పూనెను.

ఆ ప్రతినయే కొంప ముంచినది. మలి సమరమున వాడు గీత దాటనే దాటెను. దాటినవాడు బంతిని నేలకు ఆనింపవలదా, ఆనించిననే గదా పాయింట్లు? లేని టోపీని ఎత్తి, యువతుల వైపు తిరిగి వంగి వంగి వందనములు చేయుచు నిలిచెను. శత్రువులు వానిని బియ్యపుబస్తావలె భుజాన వేసికొని మైదానము నడుమకు మోసికొనిపోయిరి.

"డౌన్ అని అరిచి చావరా!" అని థాడియస్ వెంట పరుగిడుచు మొత్తుకొనెను.

"అనను!"

ఏమి చెప్పుదును! అటుపిమ్మట అపజయము వెంట అపజయము. కడకు రెడ్ క్లే కళాశాలతో చివరి సమరము వచ్చెను. మైదానపు గట్టున పెట్టింగిల్ మహాశయుడు, ఆయన వెనుక నాగలి కట్టిన గుర్రములజత.

"ఓ దీర్ఘకేశ వీరులారా! ఉపాధ్యాయ నిందానల దగ్ధులారా! ఈ పవిత్ర తృణభూమిపై దుంపమొక్క మొలచుట చూచి ఏ మొగముతో భుజింతురు? లెండు, విజృంభింపుడు!" అని థాడియస్ గర్జించెను.

"అదంతా సరే కేప్టెన్, పిడి గట్టిగానే కుట్టాడంటావా?" అని పెర్లీ గుసగుసలాడెను.

చీకటిపడు వేళకు రెడ్ క్లేకు యాబదియెనిమిది, మనకు సున్న. అప్పుడు థాడియస్, ఉన్న ఊపిరంతయు బిగబట్టి, పిడి పట్టి పెర్లీని విసరెను! దీర్ఘకేశములు గాలిలో రెపరెపలాడ, బంతిని కౌగిలించి పెర్లీ ఎగిరి, గీతకు జానెడు దూరమున బోర్లపడెను. తక్షణమే శత్రువులు ఆ పిడినే దొరకబుచ్చుకొనిరి. మనవారు భుజములు పట్టిరి. ఆహా, ఏమి ఆ లాగుడు!

"డౌన్ అనరా పొట్టోడా, వదిలేస్తాం!"

"చెప్పుకో పో!"

తుదకు థాడియసే బ్రతిమాలెను. "అనెయ్‌రా పెర్లీ! మైదానం పోతే పోయింది, రెండు ముక్కలైపోతావ్!"

"లాగవయ్యా నువ్వు!"

జీనులవాని దారము తెగలేదు, తోలు తెగలేదు. గుండీలు మాత్రము టపటప రాలినవి. శత్రుసేన సమస్తము, పిడితోకూడిన లాగుతోసహా, వెల్లకిల పడెను. ఎర్రని ఉన్ని లోదుస్తులతో పెర్లీ గీతకావల దూకి, బంతిని నేలకదిమి, దానిపై పొదిగెను.

"మేపుల్ ఫోర్క్‌కి నాలుగు పాయింట్లు!" అని న్యాయనిర్ణేత అరచెను. పెర్లీ కదలలేదు.

"లేరా, మనకిచ్చేశారు!" అని థాడియస్ ఏడ్చుచు నవ్వెను.

"లేవను. మళ్ళీ మోసుకుపోతారు."

అంతట పెట్టింగిల్ మహాశయుడు వచ్చి, మోకాళ్ళమీద కూర్చుండి, తన కోటు వానిపై కప్పెను. "లే బాబూ. నాగలి వెనక్కి పంపించేశాను."

"నిజంగానా సార్?"

"మాటంటే మాటే. దుంపలు సంతలో కొనుక్కుంటాంలే."

పెర్లీ తలయెత్తి, దుమ్ములో దూరమైపోవు గుర్రములను కనులార చూచి, చెంప నేలకానించి, మెల్లగా "డౌన్" అనెను.

ఇట్లు మేపుల్ ఫోర్క్ మహాసేన, యాబదియెనిమిదికి నాలుగుతో ఓడి, దిక్కులు పిక్కటిల్లునట్లు విజయఘోషము సలిపెను. మరునాటి ఉదయము పెర్లీ స్టబ్స్ స్వయముగ పోయి కుర్చీలో కూర్చుండి తల వంచెను. మంగలి ఆనందబాష్పములు తుడుచుకొని, కత్తి నూరి, మాట దప్పని ఆ వీరునికి ఉచితముగా గుండు గీసెను.