మాస్టారి హస్తవాసి

మాస్టారు చెయ్యి వేస్తే చచ్చిన మిక్సీ కూడా లేచి తిరుగుతుందని వీధి వీధంతా నమ్మింది. నమ్మనివారు ఒక్కరే. ఆయన మాస్టారే.

భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆయన, ఆ ఆదివారం ఉదయం కమ్యూనిటీ హాల్లో ఉచిత మరమ్మతుల శిబిరం పెట్టారు. సాయానికి వచ్చినవారికి ఆయన విధించిన నియమం ఒక్కటే: ఏ వస్తువునైనా విప్పే ముందు ఒకసారి ప్లగ్గు పెట్టి చూడాలి. మొదట వచ్చిన మిక్సీ కదలకుండా మూతమీద చెయ్యి ఆనించి స్విచ్చి వేశారు. అది గిర్రున తిరిగింది. వెనకే వచ్చిన టేబుల్ ఫ్యానూ తిరిగింది.

"చూశావా అక్కా! స్క్రూడ్రైవరు కూడా ముట్టుకోలేదు!"

"హస్తవాసి అంటే అదీ!"

చూస్తూండగానే వరుస గేటు దాటింది. "నా మోకాలు కూడా కాస్త చూడు నాయనా," అంటూ ఒక ముసలమ్మ కాలు చాపింది.

"ప్లగ్గు ఎక్కడ పెట్టమంటావమ్మా?" అన్నారు మాస్టారు.

అందరూ నవ్వారు, దర్జీ అమ్మాయి తప్ప. ఆమె కరెంటు కుట్టుమిషను హాల్లో చక్కగా నడిచింది. ఇంటికి తీసుకువెళ్తే మూలిగి ఆగింది. మళ్ళీ మోసుకొస్తే మళ్ళీ నడిచింది.

"రేపు పొద్దున్నే బడి యూనిఫాంలు ఇవ్వకపోతే ఆర్డరు ఇంకొకళ్ళకి పోతుంది మాస్టారూ! మీ చెయ్యి పడితేనే తిరుగుతోంది. ఒక్కసారి మా ఇంటికి రండి."

"నా చేతిలో ఏముందమ్మా? అయిదు వేళ్ళు."

"అవే చాలుట, వెళ్ళండి," అన్నది ఆయన భార్య. "ఇంత విద్య పెట్టుకుని మన గ్రైండరు మీద ఒక్కనాడూ చెయ్యి వెయ్యలేదేం?"

ఊరేగింపు బయలుదేరింది. ముందు కుట్టుమిషను, వెనక మాస్టారు, ఆ వెనక బాగుపడిన వస్తువులను చంకన పెట్టుకున్న యజమానులు. మూడంతస్తుల మేడలో, దర్జీ గదిలో, మాస్టారు మిషను మీద చెయ్యి వేశారు. అది మూలిగింది. రెండో చెయ్యీ వేశారు. మూలుగు మరింత సన్నబడింది.

"ఎడమ చెయ్యి కలిపారు, అందుకే చెడింది!" అని తేల్చేసింది ముసలమ్మ. దర్జీ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మాస్టారు తలెత్తి చూశారు. పైన బల్బు ఆరిపోబోయే నిప్పుకణికలా ఎర్రగా మినుకుమంటోంది.

"ఇది ఎప్పుడూ ఇంతేనా?"

"ఈమధ్యే ఇలా అయిందండీ. దీన్ని కూడా మీ దగ్గరికి తెద్దామనుకున్నా."

మాస్టారి గొంతులో ఒక్కసారిగా కుర్రతనం వచ్చింది. "ఆ మిక్సీ ఎవరిది?"

"మాదే, పై వాటా!"

"ఫ్యాను?"

"మాది, పక్క వాటా!"

"తక్కినవాళ్ళు?"

"అందరం ఈ మేడవాళ్ళమేగా బాబాయిగారూ!"

"అయితే వస్తువులు నిక్షేపంగా ఉన్నాయర్రా! మేడకి వచ్చే కరెంటే చాలడం లేదు!"

కరెంటు ఆఫీసుకు ఫోను వెళ్ళింది. లైన్‌మన్ వచ్చి, వీధి స్తంభమెక్కి, వదులైన తీగను బిగించాడు. బల్బు భగ్గున వెలిగింది. కుట్టుమిషను టకటకా పరుగందుకుంది. జనం ఎవరి వాటాకు వారు పరుగెత్తి ప్లగ్గులు పెట్టుకున్నారు, మేడంతా హోరెత్తిపోయింది. దర్జీ అమ్మాయి అప్పుడే మొదటి చొక్కాకు కాలరు కుట్టేసింది.

"చూశారా! ఈసారి ఏకంగా స్తంభం మీదే చెయ్యి వేశారు!" అంటూ ముసలమ్మ వీధి చివరిదాకా వినపడేలా చాటింది.

ఆ సమయంలో మాస్టారి చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి.